లాకు దగ్గర షామియానా

షామియానా వేయించాలి. గోదారమ్మకి చీర, పసుపు, కుంకుమ, పూలు తేవాలి. కాలువ నీటిని ఆపే లాకు తలుపులకి రంగు వేయించాలి. అన్నీ అయ్యాయి. కాలువకి నీళ్లు వదలాల్సిన నాయకుడు మాత్రం ఈవేళ కూడా రాలేదు.

"తలుపులు ఎత్తేయండి సార్! తుపాన్లకి ముందే కోతలైపోవాలి, తొందరగా నారు ఊడ్చుకోమనండి అని ఢిల్లీ నుంచి వచ్చిన వాతావరణ ప్రణాళికేగా మనం ఊరూరా చెప్పింది" అంది వ్యవసాయ సహాయకురాలు మధులత.

"ప్లాను ఢిల్లీదేనండి, తలుపులు మాత్రం ఇక్కడివి. ఆయన చేతిమీద కాకుండా ఎత్తానంటే రేపే నన్ను మన్యానికి పంపేస్తారు" అన్నాడు ఇంజినీరు మణిశంకర్.

కౌలురైతు బుల్లెమ్మ వడలిపోయిన నారు గుప్పెట్లో పట్టుకుని వింటోంది. మధులత మాట నమ్మి, ఊళ్లో అందరికంటే ముందు నారు పోసింది ఆవిడే.

"నారు మళ్లీ పోద్దాం పిన్నిగారూ. కాస్త ఆలస్యమవుతుందంతే" అంది మధులత.

"అంటే కోతలు మళ్లీ తుపాను రోజుల్లోకే పోతాయి. అంతేనామ్మా?"



బుల్లెమ్మ పళ్లెంలోని పట్టుచీర వంక చూసింది. "పాపం, గోదారమ్మ కూడా ఆయన కోసమే కాసుక్కూచుందన్నమాట!"

ఇన్నాళ్లూ రైతులకి తుపాను గురించే చెప్పింది మధులత. ఈ షామియానా గురించి చెప్పాలని ఆమెకి తట్టనే లేదు.

కార్తీకంలో తుపానుకి చేలు పడిపోయాయని పేపర్లో చదివినప్పుడు, ఎండాకాలం చివర లాకు దగ్గర నారు పట్టుకుని నిలబడ్డ బుల్లెమ్మని ఒక్కసారి గుర్తు చేసుకోండి.