కీచుమన్న క్లారినెట్టు

“తాగేసి ఊదినాడు. నాను సూసినాను, కాళ్ళు తేలిపోతన్నాయి!” అన్నాడు నరసింగరావు, అరుగు మీద చతికిలబడుతూ.

లోపల పద్మకుమారికి ఆ మాట చెవిన పడగానే ఒళ్ళు మండిపోయింది. చంటాణ్ణి చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చేసింది. చినమామగారన్న జంకు కూడా లేకపోయింది.

“ఎక్కడ సూసినావు సినమావా? నిన్నంతా మా అరుగు మీదే ఉన్నాడు కాదేటి! మజ్జానం నూతికాడ తానం సేసొచ్చి పొయ్యికేసి సూస్తా నిలబడిపోతే, ఆకలేమోనని గంజి పోసింది నాను. తాగింది అదొక్కటే!”

“కన్నోరి ఊరోడని ఎనకేసుకొస్తంది,” అన్నాడు ఆమె భర్త జగన్నాధం, పక్కనున్న వాళ్ళకి కన్నుగీటుతూ. “తాగుడు కాదు సినాన్నా, ముసలితనం. పాటంటే ఇంక గంగులిదే.”

“నీకు పాటేటి తెలుసు? ఎద్దు మెడలో గంట మోగినా తలాడిస్తావు!”

అరుగు కింద నిలబడ్డ జనం గొల్లుమన్నారు. నవ్వనిది ఒక్క అసిరయ్యే. అరుగు చివర కూర్చుని, తల ఎత్తకుండా, క్లారినెట్టుని పాత పంచె ముక్కలో చుట్టుకుంటున్నాడు.

కళింగపట్నం అసిరయ్య బేండుమేళమంటే బొబ్బిలి నుంచి ఇచ్ఛాపురం దాకా పేరు. నిన్నటి అమ్మవారి సంబరానికి అతనిదే పెద్దమేళం. మొన్నటి ఎలక్షను మీటింగుకి కూడా అంతమంది రాలేదు. పొద్దు వాలే వేళకి ఘటాలు గుడి ముందుకొచ్చాయి. అసిరయ్య కళ్ళు మూసుకుని అమ్మవారి పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో క్లారినెట్టు కీచుమంది. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ కీచుమంది. మూడోసారికి ఈలలు మొదలయ్యాయి. విజయనగరం గంగులు మేళం ముందుకొచ్చి ఆ పాట అందుకుని పూర్తిచేసింది. అసిరయ్యకని తెచ్చిన సాలువా గంగులు భుజాన పడింది.

పద్మకుమారి ఆ పాట కోసం ఏడాదిగా కాసుక్కూర్చుంది. ఆమె పెళ్ళికి ఊదిన పాటది. నిన్న మేళంవాళ్ళు అరుగు మీద దిగిన దగ్గర్నుంచి పాకే పిల్లాడితో ఆమెకి కాలు నిలవలేదు. మొన్న చింతపిక్క గొంతుకడ్డం పడి వాడు నీలంగా అయిపోయినప్పటి నుంచి ఆమెకి గుండె దడే. బీడీ ముక్క, గుండీ, పుల్లముక్క, ఏది వాడి గుప్పిట్లో కనబడినా లాక్కుని పొయ్యిలో పడేస్తూనే ఉంది. వాడు ఎవరిదో నీళ్ళ గ్లాసు ఒంపేస్తే అరుగంతా తుడిచింది. ఇంత అవస్థపడి పందిరికి పరుగెడితే, దక్కింది ఆ కీచు!

“ముసలాడు, తాగుబోతు!” ఉన్నట్టుండి అసిరయ్య మేళంలో డోలు వాయించే సోములు అరిచాడు. “ఏ మాటొస్తే ఆ మాటేనేటి? ఆయన రీడు పోనాది బాబూ! ఈ పాట కోసరమని నెల్లాళ్ళు కష్టపడి కుదురుసుకున్న రీడు. నిన్న మజ్జానం ఈ అరుగు మీదే మాయమైపోనాది. ఎందుకూ పనికిరాని పాతదాంతో ఊదితే కీచుమనదా?”

“ఒరే సోములూ, ఊరుకోరా,” అన్నాడు అసిరయ్య. ఎవరూ వినిపించుకోలేదు.

రీడంటే ఏమిటో పద్మకుమారికి తెలీదు. క్లారినెట్టుకి మెరిసే ఇత్తడి మీటల్లో అదొకటి కాబోలనుకుంది. కానీ దొంగెవరో మాత్రం ఆమెకి క్షణంలో తెలిసిపోయింది.

“గంగులు! నిన్న మజ్జానం అగ్గిపెట్టె కావాలని ఈ అరుగెక్కింది నువ్వు కాదేటి?”

జనంలో సాలువాతో నిలబడ్డ గంగులు మొహం పాలిపోయింది. “అమ్మవారి తోడు! బీడీ ఎలిగించుకుని ఎలిపోనాను. ఆయన రీడు నాకెందుకమ్మా?”

నరసింగరావు లేచి గంగులు చొక్కా పట్టుకున్నాడు. “పద, గుడికాడ కప్పురం ఆర్పి పెమానం సెయ్యి!”

“సేస్తాడు, ఎందుకు సెయ్యడు!” అంది పద్మకుమారి. “అమ్మవారి పాట సెడగొట్టినోళ్ళు బాగుపడతారేటి? ఆ రీడు తీసినోళ్ళ సేతులు పడి...”

“తల్లీ!” అసిరయ్య గబుక్కున లేచాడు. చేతిలోని క్లారినెట్టు జారబోయింది. “ఆ మాట అనకు. పసోణ్ణి ఎత్తుకుని అలాటి మాట అనకూడదు.”

అతను నరసింగరావు వైపు తిరిగాడు.

“గంగుల్ని ఒగ్గీండి బాబూ. ఎవులూ తియ్యలేదు. నానే ఎక్కడో పారేసుకున్నాను. వయసైపోనాది, ఊపిరీ అందలేదు. తప్పు నాదే.”

“అలగ సెప్పు మరి!” నరసింగరావు గంగుల్ని వదిలి తువ్వాలు దులుపుకున్నాడు. “పై ఏడునుంచి పెద్దమేళం గంగులిదే. నీకింక కబురు రాదు అసిరయ్యా.”

అసిరయ్య సరేనన్నట్టు తలూపాడు. జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మేళంవాళ్ళు కోటబొమ్మాళి బస్సు కోసం మూటలు ఎత్తుకున్నారు.

పద్మకుమారి అసిరయ్యకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. కోపంతో ఏడుపు తన్నుకొస్తోంది.

“ఎందుకు మావా, దొంగని కాసుకొచ్చినావు? పేరంతా పోగొట్టుకున్నావు కదా!”

“దొంగ కాదు తల్లీ. ఆ సేతులు సల్లగుండాలి.”

అసిరయ్య వంగి చంటాడి తల నిమిరాడు. వాడు కిలకిలా నవ్వి, అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టి, దొరికింది లాగి, తిన్నగా నోటి దగ్గరికి పోనిచ్చాడు. పద్మకుమారి చటుక్కున వాడి చెయ్యి పట్టేసుకుంది. వాడి గుప్పిట విప్పి చూస్తే, బొటనవేలి గోరంత వెడల్పున నున్నటి పుల్లముక్క.

“ఓలమ్మ! ఏది దొరికితే అది నోట్లోకేనేట్రా!” అంటూ దాన్ని పట్టుకుని అలవాటుగా పొయ్యి వైపు తిరిగింది.

“ఈ రీడు కూడా పొయ్యిలో ఎయ్యకు తల్లీ,” అన్నాడు అసిరయ్య మెల్లగా.