నాలుగున్నర బస్సు

బడి ముందు బస్సు దిగిన ఆవిడ చేతిలో ఒక ఫైలు, పక్కన ఒక పెద్ద పెట్టె ఉన్నాయి.

బడిలో అందరూ ఫైలునే చూశారు.

"ప్రాంతీయ విద్యాకేంద్రం నుంచి వచ్చానండి. కొత్త లెక్కల పుస్తకం విషయమై..."

"తెలుసండి, తెలుసు," అన్నాడు హెడ్మాస్టరు. "ముందు టీ తాగండి."

"ఇక్కడ దగ్గర్లో అద్దెకి గదేమైనా దొరుకుతుందా?"

హెడ్మాస్టరు మళ్లీ ఫైలు వైపు చూశాడు. ఇది ఒక్కరోజుతో తేలే వ్యవహారంలా లేదు.

"గదులేం దొరకవండి. నాలుగున్నరకి బస్సుంది. ఆ తర్వాత బస్సుల్ని నమ్ముకోలేం."

టీ వచ్చేలోగా ఆయన స్టాఫ్ రూముకి పరిగెత్తాడు. హెడ్మాస్టర్లు పరిగెత్తరు కాబట్టి, కాస్త వేగంగా నడిచాడు అనుకుందాం.

"ఇన్‌స్పెక్షన్," అన్నాడు లెక్కల టీచరుతో.

కొత్త పుస్తకంలో ఏడో పాఠం దగ్గర ఆమె బండి ఆగిపోయి నెల దాటింది. సూత్రం చెప్పకూడదట, పిల్లలే కనిపెట్టాలట. ఎలా కనిపెట్టించాలో పుస్తకంలో లేదు. పదిహేనేళ్లుగా బాగా చెబుతుందని పేరున్న మనిషి, ఉద్యోగం మానేద్దామా అని కూడా అనుకుంది.

"సాయం కావాలని మనం మూడు ఉత్తరాలు రాశాం కదా సర్. వాటి గురించేమో?"

"ఉత్తరాలకి జవాబివ్వడం వాళ్లకెప్పుడు అలవాటమ్మా? తప్పులు వెతకడానికే వస్తారు. మీరు మూడో పాఠం చెప్పండి. అది పిల్లలకి నోటికొచ్చు."

టీ తాగి, వచ్చినావిడ తరగతిలోకి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది.

టీచరు ప్రశ్న పూర్తి చేయకముందే పిల్లలు జవాబులు చెప్పేశారు. ఒకడైతే ఆమె ఇంకా అడగని ప్రశ్నకి కూడా చెప్పాడు.

"చాలా చురుకైన పిల్లలు," అంది ఆవిడ.

పక్కనున్న అమ్మాయి నోటుపుస్తకంలో అదే పాఠం రెండు నెలల కిందటి తేదీతో ఉంది. ఆవిడ చూసింది, పుస్తకం మూసి ఇచ్చేసింది.

గంట కొట్టాక ఆవిడే టీచరు దగ్గరికి వచ్చింది.

"ఏడో పాఠం ఎలా ఉందమ్మా? చాలా బడుల్లో అక్కడే ఇబ్బంది పడుతున్నారు."

లెక్కల టీచరు నోరు తెరిచింది.

"మా దగ్గర ఏ ఇబ్బందీ లేదండి," అన్నాడు హెడ్మాస్టరు గుమ్మంలోంచి.

ఆవిడ టీచరు వైపే చూస్తోంది.

"లేదండి," అంది టీచరు తల దించుకుని.

ఆవిడ ఫైలు తెరిచి ఒక కాగితం తీసింది. కొత్త పాఠ్యప్రణాళిక విషయంలో మా బడికి సాయం అవసరం లేదు, అని అచ్చు వేసి ఉంది.

"సంతకం పెట్టే ముందు టీచరుగారిని ఇంకోసారి అడుగుతారా?"

"ఆవిడ మాటా నా మాటా ఒకటేనండి," అని హెడ్మాస్టరు సంతకం పెట్టి, అడక్కుండానే ముద్ర కూడా వేశాడు.

పెట్టెను స్వయంగా ఆయనే బస్సు దాకా మోశాడు.

"ఏం బరువండీ, ఇల్లంతా సర్దుకొచ్చినట్టున్నారు."

"అంతేనండి," అంది ఆవిడ.

బస్సు కదిలాక ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో లెక్కల టీచరు ఏడో పాఠం తెరిచి, కాసేపు చూసి, మళ్లీ మూసేసింది.

నాలుగు రోజులకి విద్యాకేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. హెడ్మాస్టరు చదివి, దాన్ని టీచరు ముందు పెట్టాడు.

"మీ మూడు ఉత్తరాలూ అందాయి. మీరు కోరినట్టే కొత్త లెక్కల పుస్తకం బోధనలో మీ టీచరుగారికి తోడుగా, ఏడాది చివరిదాకా మీ బడిలోనే ఉండేందుకు మేము పంపిన ఉపాధ్యాయినిని, అవసరం లేదని మీరు రాసిచ్చినందువల్ల, జాబితాలో తర్వాతి బడికి పంపించాము."