పచ్చ చుక్క

"మంచం మీద కూసునుడు గూడ ఒక పనేనా? మేము బట్ట నేసే సాంచల కాడ దినమంత నిలవడి చేసినోళ్లం," అంటూ రాజేశం కూతురి పక్కన అన్నం పళ్లెం పెట్టాడు.

కల్పన ల్యాప్‌టాప్ మీంచి కళ్లు తిప్పలేదు.

"మౌస్ కదపకుంటే గీ పచ్చ చుక్క ఆరిపోతది బాపు. సీట్ల మనిషి లేదని ఆఫీసోళ్లకు తెలుస్తది. పొద్దటి సంది లేవలే."

సిరిసిల్ల కార్ఖానాలో రాజేశం అన్నానికి లేస్తే, పక్క మనిషి అడగకుండానే అతని మగ్గాన్నీ చూసుకునేవాడు.

"మరి నీ పక్కపొంటి ఎవ్వరు లేరా బిడ్డా?"

"ఇంట్ల ఎవరుంటరు బాపు?"

రాజేశం మౌస్ మీద చెయ్యి వేశాడు.

"లే. చేతులు కడుక్కో. నువ్వు తినేదాక నీ సాంచ నేను చూస్త."

కల్పన తింటోంది. రాజేశం ఆ చుక్క మీంచి కళ్లు తిప్పలేకపోయాడు.