చెవికి అంటించిన మందు

వైద్యశాలలో తండ్రి కొట్టిన దెబ్బకు పాతికేళ్ల కొడుకు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పెదవి చిట్లి చొక్కా మీదికి నెత్తురు కారింది. అంతటితో ఆగక, ఆయన వాణ్ణి చెవి పట్టుకుని పైకి లేపాడు.

"చెవి వదలండి," అంది చైనా వైద్యం చేసే వృద్ధురాలు. "అక్కడ గింజలు అంటించాను. గంజాయి మీదికి మనసు లాగినప్పుడల్లా వాటిని నొక్కుకుంటే ఆ యావ తగ్గుతుంది."

"చెవిలో పువ్వులు పెట్టేవాళ్లను చూశాను గానీ, గింజలు పెట్టేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా!" ఆయన చెవిని మెలిపెట్టాడు. "వీడి మత్తుకు నా చెయ్యే మందు, డాక్టరమ్మా."

ఆమె ఇద్దరినీ విడదీసి నడుమ నిలబడింది. ఆయన తోసిన తోపుకు ఆమె భుజం తగిలి మందుల బీరువా అద్దం భళ్లున పగిలింది. అయినా ఆమె పక్కకు జరగలేదు.

"ఈ వారం ఎన్నిసార్లు నొక్కుకున్నావు, బాబూ?"

"రోజుకు ఇరవైసార్లకు పైనేనమ్మా. ఆది, సోమవారాలు మాత్రం ఒక్కసారీ అవసరం పడలేదు."

"ఆ రెండు రోజులూ ఏమిటి ప్రత్యేకం?"

కొడుకు పెదవి తుడుచుకున్నాడు. "నాన్న ఊళ్లో లేడు."

మళ్లీ లేచిన తండ్రి చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

వైద్యురాలు కేసు కాగితం ముందుకు లాక్కుంది. "మీ పూర్తి పేరు చెప్పండి."

"నా పేరెందుకు? రోగి వాడు కదా!"

"రోగకారణం రాయాలి."