ఆకుపచ్చ చుక్క

ల్యాప్‌టాప్‌లో తన పేరు పక్కనున్న ఆకుపచ్చ చుక్క ఈపాటికి పసుపు రంగులోకి మారి ఉంటుందని స్నానాల గదిలో గుర్తొచ్చి, ఆ అమ్మాయి తడి కాళ్లతోనే పరుగెత్తుకొచ్చింది.

అప్పటికే మెసేజ్ వచ్చి ఉంది.

"ఉన్నారా?"

ఉన్నాను సార్, నీళ్లు తాగడానికి లేచాను అని ఒక అబద్ధం కొట్టింది.

"సరే అమ్మా" అని జవాబు. ఇంకో మాట లేదు.

కాసేపు మౌస్ కదలకపోతే చుక్క పసుపు అవుతుంది. అయిందంటే చాలు, ఆఫీసు నుంచి ఈయన మెసేజ్‌తో దిగబడతారు. మొహం ఎలా ఉంటుందో కూడా తెలియని ఆ పెద్దమనిషికి టీం పిల్లలు 'ఉన్నారా గారు' అని పేరు పెట్టుకుని నవ్వుకునేవాళ్లు.

ఆమెకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా నిండలేదు. నెలాఖరుకు ఖాయం చేస్తారో, ఇంటికి పంపేస్తారో తెలియదు. ఇంట్లో కూర్చుని పనిచేసేదాన్ని ఇంటికి పంపడమేమిటే అని అన్నయ్య ఫోన్లో వేళాకోళం చేశాడు. అద్దె గదిలో ఒంటరిగా బిక్కుబిక్కుమంటూ ఉన్నదానికి ఆ జోకు మింగుడు పడలేదు.

ఒకసారి జవాబు ఆలస్యమైతే ఉన్నారా గారు ఏకంగా ఫోనే చేశారు. మీతోపాటు ఇంకెవరైనా ఉంటారా అని ఆరా తీశారు. ఒక్కదాన్నే అని చెప్పింది. ఇంట్లో అడిగేవాళ్లు లేరు కాబట్టి పని మానేసి నిద్రపోతోందని పైవాళ్లకు చెప్పేస్తారేమోనని ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు.

అప్పటినుంచి కుర్చీ వదలడం మానేసింది. మధ్యాహ్నం భోజనం నాలుగు బిస్కెట్లకు దిగింది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. అటూ ఇటూ తల తిప్పే టేబుల్ ఫ్యాన్‌కు దారంతో మౌస్‌ను కట్టింది. ఫ్యాన్ తిరిగినంతసేపూ మౌస్ బల్లమీద జరుగుతూనే ఉంది. చుక్క పచ్చగానే ఉంది.

ఉన్నారా గారు నోరు మెదపలేదు.

ఆ కిటుకును ఆమె టీంలో అందరి చెవినా వేసింది. వారం తిరక్కుండా అందరి ఇళ్లలోనూ ఫ్యాన్లే డ్యూటీ చేయసాగాయి.

అయినా ఆమె భయం పోలేదు. కరెంటు పోతే? దారం తెగితే? తిండి మళ్లీ గాడిలో పడనే లేదు.

ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలోంచి లేవగానే కళ్లు తిరిగాయి.

తెలివి వచ్చేసరికి గదిలో చీకటి పడుతోంది. తను నేలమీద ఉంది. నుదుటి మీద రక్తం ఎండిపోయి ఉంది. బల్లమీద మౌస్ మాత్రం బుద్ధిగా తన పని చేసుకుపోతోంది.

ముందు చూసుకున్నది గాయాన్ని కాదు, మెసేజ్‌లను. ఒక్కటి కూడా రాలేదు. దొరికిపోలేదన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. ఇలాగే తెల్లారేదాకా పడి ఉన్నా ఎవరికీ తెలిసేది కాదని తట్టింది.

మర్నాడు దారం విప్పేసింది. చుక్క పసుపు అయింది. ఆ పలకరింపు కోసం ఎదురుచూడటం ఆమెకు అదే మొదటిసారి.

సాయంత్రమైనా రాలేదు.

నెలాఖరున ఆఫీసుకు వెళ్లవలసిన రోజు వచ్చింది. మేనేజర్ నవ్వుతూ పిలిచి ఉద్యోగం ఖాయమైందని చెప్పింది. ఎప్పుడు చూసినా పనిలోనే ఉన్నావని మెచ్చుకుంది కూడా. ఇన్నాళ్లూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూసిన ఆ మాట వింటుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"మా మీద నిఘాకు పెట్టిన సార్ మెసేజ్‌లు రావడం లేదేం మేడమ్?"

"నిఘా ఏమిటి? ఆయనకిచ్చింది బిల్లులు చూసే పని. మిమ్మల్ని అడగడం ఆయన సొంతంగా పెట్టుకున్నది. మొన్ననే మానేశారు. పిల్లలంతా కులాసాగానే ఉన్నట్టున్నారు, ఇక నేను నిశ్చింతగా వెళ్తాను అన్నారు."

ఆమె ఆయన నంబరు అడిగింది. ఆఫీసు ఫోన్ ఇచ్చేసి వెళ్లారని, వేరే నంబరు తమ దగ్గర లేదని మేనేజర్ చెప్పింది.

"మేం ఏమైతే ఆయనకెందుకు మేడమ్?"

మేనేజర్ గొంతు తగ్గించింది. తను కూర్చున్న ఈ కుర్చీ ఒకప్పుడు ఆయనదేనట. ఇంటి నుంచి పనిచేసే ఓ అబ్బాయి చుక్క రెండు రోజులు పసుపుగానే ఉంటే, పని ఎగ్గొడుతున్నాడని ఆయనే నోటీసు పంపారట. అది వెళ్లేసరికే ఆ అబ్బాయి, లోపల గడియ పెట్టిన గదిలో, ప్రాణం లేకుండా పడి ఉన్నాడట.