వెలుగు చుక్కల పరీక్ష

నవంబరు పద్నాలుగు. ఆ మధ్యాహ్నం టోర్లీఫ్ ఉప్పుచేప, ఉడికించిన బంగాళాదుంపలు తిన్నాడు. నాలుగింటికల్లా కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో, తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టి కూర్చున్నాడు. ఎనభై నిండాయి. పక్కలకి చూపు ఎంతవరకు ఆనుతుందో చూసే ఈ పరీక్ష నెగ్గితేనే కారు నడపనిస్తారు. కారు లేకపోతే ఫ్యోర్డు అనే సముద్రపు పాయ అవతల వృద్ధాశ్రమంలో ఉన్న అక్కని చూసే దారి లేదు. అటు బస్సు వెళ్ళదు.

పరీక్ష చేసేది గున్‌వోర్. పోయిన చలికాలం రేవు దగ్గర తమ కార్లు గుద్దుకున్నప్పటి నుంచి ఇద్దరికీ పడదు.

“చుక్క కనిపిస్తేనే మీట నొక్కాలి, యంత్రం టిక్కుమన్నప్పుడల్లా కాదు,” కసిరింది. “వెలుగు లేకుండా కూడా టిక్కుమంటుంది, మీలాంటి దొంగల్ని పట్టుకోడానికి!”

“నేను దొంగనా? ఆ రోజు నీ ఎడమపక్క నుంచే వచ్చాను. ఇంత ఎర్ర కారు కనపడలేదా?”

“ఊడిపడినట్టు వచ్చి గుద్దారు! మళ్ళీ మొదట్నుంచీ చెయ్యండి.” విసురుగా తిరగబోయి బల్ల మీది కాఫీ కప్పు పడగొట్టింది. “దీన్నెవరు పెట్టారిక్కడ?”

“నువ్వే.”

రెండోసారి అతను చుక్క కనిపిస్తేనే నొక్కాడు. అయినా నెగ్గుతానన్న నమ్మకం చిక్కలేదు.

“నీ యంత్రమే పాడై ఉంటుంది. దమ్ముంటే నువ్వు కూర్చో!”

“మీ నోరు మూతపడుతుందంటే కూర్చుంటా, పెద్దాయనా.”

కూర్చుంది. పది నిమిషాలు టిక్కు, టిక్కు.

ఇద్దరి ఫలితాల కాగితాలూ ఒకేసారి అచ్చయి వచ్చాయి. ఒకటి దాదాపు తెల్లగా ఉంది. రెండోదాని ఎడమపక్కంతా సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. మచ్చ ఉన్నచోట చూపు లేనట్టే.

దూరం నుంచే మచ్చ చూసిన టోర్లీఫ్ అది తనదేననుకున్నాడు. అక్కకి ఫోనులో ఏమని చెప్పాలి?

గున్‌వోర్ మచ్చ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. అతని లైసెన్సు పత్రం మీద సంతకం చేసి ఇచ్చింది.

“నెగ్గారు.”

“నీ జాలి నాకక్కర్లేదు!”

“జాలి కాదు. కోటు తొడుక్కోండి.”

దీపాలార్పి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. బయట మంచు పడుతోంది. తన కారు వైపు వెళ్ళకుండా, ఎర్ర కారు పక్కన వచ్చి నిలబడింది.

“నన్ను ఇంటి దగ్గర దింపండి, పెద్దాయనా. ఆ మచ్చ నాది.”