అదే మాట

గొయ్యి తవ్వాలి, చిన్న పెట్టెకు మేకులు కొట్టాలి, అక్క చేత రెండు గుక్కలు పాలు తాగించాలి, ఫాదర్ సంతకం తేవాలి. చివరిదాని దగ్గర పని ఆగింది.

"జ్ఞానస్నానం కాకుండానే పోయింది కదా. ఆ నీళ్లతో కడగాల్సిన జన్మపాపం అలాగే ఉంది. సమాధుల తోటలో చోటివ్వను, గోడ అవతల పూడ్చుకోండి," అన్నాడు ఫాదర్.

"రెండు గంటలు బతికిన పిల్ల ఏం పాపం చేసిందండీ?" నిలదీశాడు బావ.

"నాకు నేర్పకు. పాపం పాపమే."

అక్కకు పురుడు పోసిన పిన్ని ముందుకొచ్చింది. "పొద్దున్నుంచి వీధంతా 'పాపం' అనే అంటోంది ఫాదర్, ఏడుస్తూ. అదే మాట మీ నోట్లో నేరమెలా అయింది?"

ఫాదర్ కలం మూత బిగించాడు.

గోడ అవతలే పూడ్చాం. పేరైనా పెట్టని మా పాపను, మీ నోట 'పాపం' అన్న మాట వచ్చినప్పుడల్లా, ఒక్కసారి తలుచుకోండి.